ఒక మేయరు జీవితాన్ని నాలుగు పీరియడ్లలో పిల్లలకు చెప్పడం ఎలా

స్థానిక ప్రభుత్వాల పాఠం వచ్చిందంటే మన సోషల్ టీచర్లు అందరూ దాదాపు ఒకే పని చేస్తాం. బోర్డు మీద డబ్బాలు గీసి, లోపల కౌన్సిల్, కమిషనర్, మేయర్ అని రాసి, మధ్యలో బాణాలు పెడతాం. పిల్లలు నోట్సులో దించుకుంటారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. మేయరు అనే మనిషి పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి ఏం చేస్తాడో, ఏం చేయగలడో వాళ్లకు పట్టుబడదు.

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను. ఆరేళ్ల క్రితం ఆ డబ్బాలు చెరిపేసి, ఒకే మనిషి జీవితం పట్టుకుని పాఠం నడపడం మొదలుపెట్టాను. ఆయన పేరు ఆంటనాస్ మోకుస్. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశానికి రాజధాని బొగోటా. ఆ ఊరికి 1995 నుంచి 1997 దాకా ఒకసారి, 2001 నుంచి 2003 దాకా ఇంకోసారి మేయరుగా చేశారు. ఈ పద్ధతి మీ క్లాసులో కూడా నడుస్తుందని నమ్మకంగా చెప్పగలను. అందుకే వివరంగా రాస్తున్నాను.

"మన దగ్గర మేయర్లే లేరా, అంత దూరం పోవడం ఎందుకు?" అని స్టాఫ్ రూములో అడుగుతారు. ఉన్నారు. కానీ మన ఊరి నాయకుడి పేరు ఎత్తగానే క్లాసులో సగం మంది "మా నాన్న వాళ్ల పార్టీ" అంటారు, మిగతా సగం మొహం తిప్పుకుంటారు. పార్టీ వస్తుంది, దాని వెనకే కులం వస్తుంది, పాఠం పక్కకు పోతుంది. బొగోటా మేయరు మీద మా పిల్లలెవరికీ ముందే ఒక అభిప్రాయం ఉండదు. ఆయన చేసిన పనిని పనిగా చూస్తారు. ఆ తర్వాత మన ఊరి సంగతి వాళ్లే తెస్తారు, మనం తేనక్కర్లేదు.

మొదటి పీరియడ్: పుట్టుకతో మొదలుపెట్టకండి

జీవిత చరిత్ర అనగానే "ఫలానా సంవత్సరంలో ఫలానా చోట జన్మించారు" అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ వాక్యం చెప్పగానే వెనక బెంచీలు నిద్రకు సిద్ధమైపోతాయి. రోడ్డుతో మొదలుపెట్టండి.

నేను ఇలా చెబుతాను. అరకోటికి పైగా జనం ఉన్న నగరం. సముద్ర మట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తులో, అంటే తిరుమల కొండకు దాదాపు మూడింతల ఎత్తున ఉంది. సిగ్నల్ పడినా బండ్లు ఆగవు. జీబ్రా గీతల మీదే కార్లు నిలబడతాయి. మనుషులు ఎక్కడ పడితే అక్కడ అడ్డంగా దాటతారు. ట్రాఫిక్ పోలీసులు లంచాలకు పేరుపడ్డారు. ఏడాదికి సగటున 1,300 మంది దాకా రోడ్ల మీద చనిపోతున్నారు. మీరే ఆ ఊరికి మేయరు. రేపు పొద్దున ఏం చేస్తారు?

ఇక్కడ ఆగి పిల్లలను మాట్లాడనివ్వండి. అయిదు నిమిషాలు చాలు. వాళ్ల జవాబులు బోర్డు మీద రాయండి. మా దగ్గర ఏటా వచ్చేవి ఇవే: ఫైన్ వెయ్యాలి, లైసెన్సు లాక్కోవాలి, కెమెరాలు పెట్టాలి, ఇంకా పోలీసులను పెట్టాలి. అన్నీ చట్టం వైపు జవాబులే. చెరపకుండా ఒక పక్కన ఉంచండి, తర్వాత పనికొస్తాయి.

అప్పుడు మోకుస్ ఏం చేశారో చెప్పండి. లంచాలకు మరిగిన ఆ ట్రాఫిక్ విభాగాన్నే మూసేశారు. కూడళ్లలో మూకాభినయం చేసే కళాకారులను నిలబెట్టారు, మొదట ఇరవై మందిని. మొహానికి తెల్ల రంగు, నోట మాట లేదు. జీబ్రా గీత దాటి కారు ఆపినవాడి దగ్గరికి వెళ్లి, కారును వెనక్కి నెడుతున్నట్టు నటిస్తారు. అడ్డంగా పరిగెత్తే మనిషి వెనకే అచ్చం అతనిలాగే పరిగెడతారు. చుట్టూ ఉన్న జనం నవ్వుతారు. ఆ మనిషి సిగ్గుపడి వెనక్కి తగ్గుతాడు. జనానికి ఇది ఎంత నచ్చిందంటే, తర్వాత మరో 400 మందికి శిక్షణ ఇచ్చారు.

మూకాభినయం అంటే మా పిల్లలకు తెలియదు. పగటివేషాలు గుర్తు చేస్తాను. మా ఊళ్లో ఇప్పటికీ సంక్రాంతికి పగటివేషగాళ్లు వస్తారు, ఊళ్లోవాళ్ల నడకనూ మాటనూ అనుకరించి నవ్విస్తారు. "మాట తీసేసిన పగటివేషం" అంటే టక్కున అర్థమవుతుంది. ఒకరిద్దరిని లేపి చేయించండి కూడా. మీ నడకనే చేసి చూపిస్తారు, కోప్పడకండి.

చివరి పది నిమిషాల్లో ఇప్పుడు జీవితం చెప్పండి. 1952లో బొగోటాలో పుట్టారు. అమ్మానాన్నలు లిథువేనియా నుంచి వలస వచ్చినవాళ్లు, అమ్మ మట్టితో శిల్పాలు చేసే కళాకారిణి. ఫ్రాన్స్‌లో చదువుకున్నారు. గణితం, తత్వశాస్త్రం ఆయన సబ్జెక్టులు. కొలంబియా జాతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, అక్కడే రెక్టర్ అయ్యారు, అంటే మన లెక్కలో వైస్ చాన్సలర్. 1994 ఎన్నికల్లో ఏ పెద్ద పార్టీ అండా లేకుండా నిలబడి గెలిచారు. లెక్కల మాస్టారు మేయరయ్యాడంటే మా పిల్లలు మా లెక్కల సారు వైపు కొత్తగా చూస్తారు.

ఒక జాగ్రత్త. 1993లో, రెక్టరుగా ఉన్నప్పుడు, గోల చేస్తున్న విద్యార్థుల ముందు ఆయన ప్యాంటు దించారు. ఆ వీడియో దేశమంతా చూసింది, ఉద్యోగం పోయింది, పేరు మాత్రం ఇంటింటికీ తెలిసింది. ఈ సంగతి పిల్లలకు చెప్పాలా? మొదటి ఏడాది నేను దాచాను. మర్నాడే ఒక పిల్లవాడు వాళ్ల నాన్న ఫోనులో చూసి వచ్చాడు. ఆ పీరియడ్ మొత్తం గుసగుసలే. "మేడమ్ మనకు చెప్పలేదు" అన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ మొహాల్లో కనబడింది. అప్పటినుంచి నేనే మొదటి రోజు రెండు వాక్యాల్లో, నవ్వకుండా, జీవితంలోని మిగతా సంగతులతో కలిపి చెప్పేస్తున్నాను. మన పిల్లలు ఆడా మగా కలిసి కూర్చునే క్లాసు కదా అని భయపడ్డాను. మనం మామూలుగా చెబితే వాళ్లూ మామూలుగానే వింటారు. 1996లో సర్కస్ డేరాలో ఏనుగెక్కి పెళ్లి చేసుకున్న సంగతి మాత్రం నాలుగో రోజుకు దాచుకోండి. ముందే చెబితే ఆ పూట ఇక ఏనుగు తప్ప ఏదీ నడవదు.

రెండో పీరియడ్: నలుగురు ఏమనుకుంటారు

ఈ పాఠానికి ప్రాణం ఇదే. మిగతావన్నీ తగ్గించినా దీనికి పూర్తి పీరియడ్ ఇవ్వండి, వీలైతే ఒకటిన్నర ఇవ్వండి.

మోకుస్ ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. మనిషి తప్పు చేయకుండా ఆపేవి మూడు: చట్టం, మనస్సాక్షి, చుట్టూ ఉన్న సమాజం. చట్టానికి భయపడి ఆగుతాం, మనసు ఒప్పుకోక ఆగుతాం, నలుగురు నవ్వుతారని ఆగుతాం. మూడూ ఒకే మాట చెబితే ఊరు బాగా నడుస్తుంది. చట్టం ఒకటి చెప్పి, సమాజం ఇంకొకటి మెచ్చుకుంటే గొడవ మొదలవుతుంది. హెల్మెట్ పెట్టుకోమని చట్టం అంటుంది. పెట్టుకున్నవాణ్ణి చూసి స్నేహితులు "ఏరా, అంత భయమా" అంటారు. పిల్లవాడు ఎవరి మాట వింటాడు?

బోర్డును మూడు భాగాలు చేయండి. నిన్న పక్కన ఉంచిన జవాబులన్నీ చట్టం కిందే పడతాయని పిల్లలే గమనిస్తారు. తర్వాత మోకుస్ చేసిన ఒక్కొక్క పనినీ చెప్పి, ఇది ఏ గడిలోకి వస్తుందని అడగండి. 

ఊళ్లో 3.5 లక్షల కార్డులు పంచారు. ఒకవైపు బొటనవేలు పైకి, ఇంకోవైపు కిందికి. రోడ్డు మీద ఎవరైనా మర్యాదగా నడిపితే పైకి ఉన్నది చూపించాలి, దురుసుగా నడిపితే కిందికి ఉన్నది. పాదచారులు చనిపోయిన చోట్ల రోడ్డు మీద 1,500 నక్షత్రాలు పెయింట్ చేయించారు. నిజాయితీగా ఉన్న టాక్సీ డ్రైవరు కనబడితే ఫోన్ చేసి చెప్పమన్నారు. 150 మంది చేశారు. ఆ మంచి డ్రైవర్లందరినీ పిలిచి కూర్చోబెట్టి, మిగతావాళ్లను ఎలా మార్చాలో వాళ్లనే సలహా అడిగారు. నీళ్ల కొరత వచ్చినప్పుడు టీవీలో తనే షవర్ కింద నిలబడి, సబ్బు రాసుకునేటప్పుడు నీళ్లు కట్టేసి చూపించారు. రెండు నెలల్లో నగరం 14 శాతం నీళ్లు తక్కువ వాడింది. ఆ వాడకం ఇంకా తగ్గుతూ పోయింది. 2002లో, స్తోమత ఉన్నవాళ్లు పన్ను మీద ఇంకో పది శాతం ఇష్టపూర్వకంగా కట్టమని అడిగితే 63,000 మంది కట్టారు.

నీళ్ల దగ్గర కాసేపు ఆగండి. మా పిల్లల్లో చాలామందికి షవర్ లేదు, బకెట్టూ చెంబూ. "సబ్బు రాసుకునేటప్పుడు కుళాయి తిప్పి ఉంచుతారా?" అని అడిగి, ఇంటికెళ్లి చెంబులు లెక్కపెట్టుకు రమ్మంటాను. మర్నాడు ఒకమ్మాయి పద్నాలుగు చెంబులని, వాళ్ల అన్న ముప్పై ఒకటని లెక్క రాసుకొచ్చింది. ఆ ముప్పై ఒకటి ఇంట్లో పెద్ద చర్చ అయిందట. ఆ అన్న ఆ తర్వాత ఇరవైకి తగ్గాడని వారం తర్వాత ఆ పిల్లే వచ్చి చెప్పింది. ఫైన్ ఎవరూ వేయలేదు. చెల్లెలు లెక్కపెడుతోందని తెలిసింది, అంతే.

రెండేళ్ల క్రితం ఈ పీరియడ్లోనే ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మేడమ్, నలుగురు ఏమనుకుంటారో అని మమ్మల్ని ట్యూషన్‌కి కూడా పంపరు. అది కూడా మంచిదేనా?"

నా దగ్గర ఆ రోజు సరైన జవాబు లేదు. ఆలోచించి రేపు చెబుతానన్నాను. మీకూ ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. నలుగురి మాట కత్తిలాంటిది, తప్పు చేసేవాణ్ణి ఆపుతుంది, ఏ తప్పూ లేని ఆడపిల్ల కాళ్లకూ అడ్డం పడుతుంది. మోకుస్ చెప్పిన మూడింటిలో మూడోది ఎప్పుడూ మంచే చెబుతుందని ఆయన ఎక్కడా అనలేదు. అది చెడును మెచ్చుకున్న చోట దాన్నే మార్చాలన్నారు. ఆ అమ్మాయికి మర్నాడు నేను చెప్పిన జవాబు ఆయన రెండో విడత నుంచి తీసుకున్నదే. 2001 మార్చి 9న బొగోటాలో ఒక రాత్రిని ఆడవాళ్ల రాత్రిగా ప్రకటించారు. మగవాళ్లు ఆ రాత్రికి ఇంట్లో ఉండి పిల్లలను చూసుకోండి అని మేయరు అడిగారు. దాదాపు 7 లక్షల మంది ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. కాపలాకు 1,500 మంది మహిళా పోలీసులు. ఆ రాత్రి నగరం నగరమంతా ఆడవాళ్లు వీధుల్లో ఉండటాన్ని చూసింది. అంతమంది ఒకేసారి బయటికొస్తే "నలుగురు" అన్న ఆ నలుగురూ ఎవరు?

ఇది చెప్పాక ఒక చిన్న పని ఇవ్వండి. మన ఊళ్లో అలాంటి రాత్రి వస్తే మీ అమ్మ ఎక్కడికి వెళ్తుంది, అడిగి రాసుకు రండి. మా క్లాసులో వచ్చిన జవాబుల్లో ఒకటి నా టేబుల్ సొరుగులో ఉంది: "అమ్మ కాలువ గట్టు మీద ఒక్కతే కూర్చుంటుందంట." మగపిల్లలకూ ఇదే పని ఇవ్వండి. వాళ్లకే ఎక్కువ అవసరం.

మూడో పీరియడ్: ఎవరి పని ఎవరిది

ఇది త్వరగా నడుస్తుంది, కానీ వదిలేయకండి. రెండు రోజుల్లో పిల్లలకు మోకుస్ అంటే సినిమా హీరో అయిపోతాడు. అక్కడ ఆపాలి.

బోర్డు మీద ఒక గీత గీసి సంవత్సరాలు వేయండి. 1992 నుంచి 1994 దాకా మేయరు హైమే కాస్ట్రో. 1993లో బొగోటాకు వచ్చిన కొత్త చట్టం వెనక ఆయన ఉన్నారు. దాంతో పన్నుల రాబడి నిలదొక్కుకుంది, మేయరు చేతికి అధికారం వచ్చింది. మోకుస్ కుర్చీలో కూర్చునేసరికి పెట్టెలో డబ్బుంది. 1998 నుంచి 2000 దాకా ఎన్రికె పెన్యలోసా. పార్కులు, సైకిల్ దారులు, లైబ్రరీలు, ట్రాన్స్‌మిలేనియో బస్సులు ఆయన హయాంలో వచ్చినవి. ఆ తర్వాత మళ్లీ మోకుస్. 1993లో లక్ష మందికి 80 హత్యలు జరిగిన నగరంలో 2003 నాటికి అవి 23కు తగ్గాయి. రోడ్డు చావులు 1,300 నుంచి 600 దాకా దిగాయి. ఈ అంకెలను గీత కింద రాసి, ఇందులో ఎవరి వాటా ఎంత అని అడగండి. తేల్చడం కష్టమని పిల్లలకే తెలుస్తుంది. ఒక మేయరు వేసిన విత్తనానికి ఇంకో మేయరు నీళ్లు పోశారు, పాతది పీకి పారేయలేదు. నాకు ఇదే ఆ నగరం చేసిన గొప్ప పని అనిపిస్తుంది.

తప్పులూ ఓటములూ కూడా గీత మీద పెట్టండి. 1997లో అధ్యక్ష పదవికి పోటీ చేయాలని మొదటి పదవీకాలం పూర్తికాకుండానే రాజీనామా చేశారు. మిగిలిన నెలలు పాల్ బ్రోంబర్గ్ నడిపారు. ఓటు వేసి గెలిపించిన ఊరిని మధ్యలో వదలడం నాకు నచ్చలేదు, ఆ మాట పిల్లలతో అంటాను. 2010లో గ్రీన్ పార్టీ తరఫున మళ్లీ అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఆ ప్రచారంలోనే తనకు పార్కిన్‌సన్స్ జబ్బు, అంటే చేతులు వణికే నరాల జబ్బు, ఉందని ఆయనే బయటికి చెప్పారు. రెండో రౌండు దాకా వచ్చి హువాన్ మాన్యుయెల్ సాంతోస్ చేతిలో పెద్ద తేడాతో ఓడిపోయారు. 2018లో సెనేటర్‌గా గెలిచారు. జబ్బు సంగతి దాచలేదన్నది మా క్లాసులో ఒక పిల్లవాణ్ణి చాలా కదిలించింది. వాళ్ల తాతకు చేతులు వణుకుతాయి.

ఇక్కడే మన సంగతి వస్తుంది. "మేడమ్, మన గుంటూరు మేయర్ గారు ఇలా ఎందుకు చేయరు?" అని కచ్చితంగా అడుగుతారు. మా తెనాలికి మున్సిపల్ చైర్మన్, పక్కన గుంటూరుకు మేయరు. అప్పుడు పాత డబ్బాల బొమ్మ బయటికి తీయండి, ఇప్పుడది ఆసక్తిగా ఉంటుంది. బొగోటా మేయరును జనం 1988 నుంచి నేరుగా ఎన్నుకుంటున్నారు, ఊరి పాలన ఆయన చేతిలోనే ఉంటుంది, వరసగా రెండోసారి నిలబడటానికి వీల్లేదు. మన దగ్గర కార్పొరేటర్లను మనం ఎన్నుకుంటాం, వాళ్లు మేయరును ఎన్నుకుంటారు, సంతకం పెట్టి పని నడిపించే అధికారం కమిషనర్‌ది. మధ్యలో 2002లో హైదరాబాద్ మేయరును ఓటర్లు నేరుగా ఎన్నుకున్న సందర్భం కూడా ఉంది, అది చెప్పండి. ఏ పద్ధతి మేలు అని రెండు జట్లు చేసి వాదించమనండి. పది నిమిషాలు చాలు.

నాలుగో పీరియడ్: గేటు బయట

ఇది ఆఖరి పీరియడ్‌కి పెట్టుకోండి, బెల్ కొట్టే వేళకు రోడ్డు మీద ఉండాలి. ముందు హెచ్‌ఎం గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కూడలిలో డ్యూటీ కానిస్టేబుల్ ఉంటే రెండు రోజుల ముందే చెప్పండి. మాకు దొరికినాయన బారికేడ్ కూడా తెచ్చిపెట్టాడు. పిల్లలెవరూ రోడ్డు మధ్యకు వెళ్లకూడదు, టీచర్లు ఇద్దరు రోడ్డు వైపు, పిల్లలు లోపలి వైపు. ఈ విషయంలో ఏ మాత్రం సడలించకండి.

మా గేటు ముందు జీబ్రా గీతలు లేవు. బారికేడ్ పెట్టించి, టీచర్లం ముగ్గుపిండితో గీశాం. అయిదు పట్టీలు. ఇద్దరు పిల్లలు మొహానికి పౌడరు, కళ్లకు కాటుక పెట్టుకుని గేటు అంచున నిలబడ్డారు. ఒక ఆటో గీత దాకా వచ్చింది. మా ఎనిమిదో తరగతి కుర్రాడు రెండు చేతులూ ముందుకు చాపి, పళ్లు బిగించి, కనబడని ఆటోను వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు. కాళ్లు జారుతున్నట్టు, చెమట తుడుచుకుంటున్నట్టు. లోపల కూర్చున్న ఆడవాళ్లు ముందు నవ్వారు. డ్రైవరు చూశాడు, కిందికి వంగి ముగ్గు పట్టీ చూశాడు, ఇంజిన్ ఆపి కిందికి దిగి తనే ఆటోను అడుగు వెనక్కి నెట్టాడు. గేటు దగ్గరున్న పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అతను సలాం చేసి వెళ్లిపోయాడు.

మొదటి ఏడాది మాత్రం ఇంత బాగా జరగలేదు. బొటనవేలు కిందికి ఉన్న కార్డులు కూడా చేయించాను. ఒక పెద్దాయన మోపెడ్ మీద ఆగకుండా పోతుంటే పదిమంది పిల్లలు ఒకేసారి ఆ కార్డు ఎత్తారు. ఆయన వెనక్కి తిరిగి వచ్చి, "నా మనవళ్ల వయసు పిల్లలతో నన్ను అవమానిస్తారా" అని గట్టిగా అరిచాడు. మనవళ్ల వయసు పిల్లలు నలుగురిలో వేలెత్తి చూపితే మన దగ్గర ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆయనకు క్షమాపణ చెప్పాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. బొగోటాలో ఆ కార్డు ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు చూపించేది, సమానుల మధ్య మాట. పిల్లల చేతికి ఇస్తే అది వేరే వస్తువు అయిపోతుంది. అప్పటినుంచి పిల్లల చేతికి పైకి ఉన్న వేలు మాత్రమే ఇస్తున్నాను. ఆగినవాళ్లకు చూపిస్తారు, ఆగనివాళ్ల వైపు ఊరికే చూస్తూ నిలబడతారు.

అరగంట చాలు. ఒకరు ఆగిన బండ్లు, ఒకరు ఆగని బండ్లు లెక్కపెట్టాలి. వారం ముందు అదే వేళకు, ఏ హడావిడీ లేకుండా ఒకసారి లెక్కపెట్టి ఉంచుకోండి. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. నెల తర్వాత మూడోసారి లెక్కపెట్టండి. మా దగ్గర నెలకు మళ్లీ పాత కథే అయింది. ఆ అంకె కూడా చార్టు మీద రాయించాను. ఎందుకు నిలవలేదో పిల్లలు రాసిన కారణాల్లో మొదటిది: "ముగ్గు చెరిగిపోయింది, మేడమ్. పెయింట్ వెయ్యాలి." అదే వాక్యంతో మున్సిపాలిటీకి అర్జీ రాయించాను. వాళ్లే రాశారు, వాళ్లే సంతకాలు పెట్టారు, అందినట్టు రసీదు తీసుకున్నారు. రసీదు నంబరు క్లాసు గోడ మీద ఉంది. నెలకోసారి ఇద్దరు వెళ్లి అడిగి వస్తున్నారు.

కావలసిన సామాను: ముగ్గుపిండి రెండు కిలోలు, చార్టులు నాలుగు, స్కెచ్ పెన్నులు, పౌడరు డబ్బా, కాటుక, మొహాలు కడుక్కోవడానికి ఒక బకెట్టు నీళ్లు. వాన పడేట్టుంటే మర్నాటికి మార్చుకోండి, ముగ్గు నిలవదు.